పెళ్ళికూతురు కనబడని కారు

గత మాఘమాసంలో మా చెల్లెలి కూతురి పెళ్ళికి బరంపురంలో ఒక పాత రోల్స్ రాయిస్ కారును మూడు గంటలకు రూ. 35,000 ఇచ్చి కుదుర్చుకున్నాను. మేనమామను కనుక పెళ్ళికూతురిని గంపలో కూర్చోబెట్టి పీటల దగ్గరకు మోసుకుపోవలసిన పని నాదే. కాని నాకు నడుము నొప్పి పట్టుకుని రెండేళ్ళయింది, పిల్ల కూడా గంపలో ఒదిగేంత చిన్నది కాదు, అందువల్ల ఆ మోత మా తమ్ముడికి వదిలి, నా వంతుగా కారు తెస్తానని మాట ఇచ్చాను. ఆ కారు ఎలా ఉంది, దాన్ని అద్దెకు ఇచ్చేవారి వ్యవహారం ఎలా ఉంది, ఇంకెవరైనా కుదుర్చుకోదలిస్తే ముందుగా ఏమేమి అడిగి తెలుసుకోవాలి అన్న సంగతులు చెప్పడానికే ఈ సమీక్ష. కారుకు నేను మంచి మార్కులే వేస్తాను. దాన్ని గురించి ఏజెంటు చెప్పిన కథకు మాత్రం సున్నా.

కారును నేను నేరుగా యజమాని దగ్గర మాట్లాడుకోలేదు. పెళ్ళిళ్ళకు మేళం, పందిరి అలంకరణ, గుర్రబ్బండి ఏర్పాటు చేసే ఒక ఏజెంటు ద్వారా బేరం కుదిరింది. అతడు ఫోనులో ఫొటోలు పంపుతూ మూడు మాటలు చెప్పాడు: కారు 1911 నాటిదనీ, ఒక మహారాజుగారు దర్బారుకు వెళ్ళేటప్పుడు పదిమందికీ కనబడాలని ప్రత్యేకంగా చేయించుకున్నదనీ, పెళ్ళికూతురిని అందులో కూర్చోబెట్టి గోపాలపురం రోడ్డు మీద ఊరేగించవచ్చనీ. ఈ మూడింటిలో ఒక్కటీ నిజం కాదు. మొదటి రెండూ అతడు తెలియక చెప్పి ఉండవచ్చు. మూడోది మాత్రం తెలిసే చెప్పాడని నా అభిప్రాయం, ఎందుకంటే ఊరేగింపులకు కారు యజమాని ఎన్నడూ ఒప్పుకోలేదని తరువాత ఆయనే స్వయంగా చెప్పారు.

నాకు పాత కార్ల సరదా ఉందే గాని వాటిని కొనే స్తోమత ఎప్పుడూ లేదు. అయితే బాడీ కట్టడం అంటే ఏమిటో మాత్రం చిన్నప్పటి నుంచి చూసినవాణ్ణి. మా నాన్నగారు బరంపురంలో లారీలకు బాడీలు కట్టే షెడ్డు నడిపారు. కంపెనీ నుంచి వచ్చే లారీకి ఆ రోజుల్లో ఇంజను, చక్రాలు, ఉక్కు చట్రం, ముందు రేడియేటరు ఉంటే ఉన్నట్టే లెక్క; డ్రైవరు ఒక చెక్కపెట్టె మీద కూర్చుని, మొహానికి తువాలు చుట్టుకుని, జంషెడ్‌పూరు నుంచి ఆ బోసి ఛాసిస్‌ను నడుపుకుంటూ తెచ్చి మా షెడ్డు ముందు ఆపేవాడు. అక్కడి నుంచి పని వడ్రంగులది. మద్ది దూలాలు అడుగున పరచడం, క్యాబిను ఎత్తడం, రేకు తొడగడం, తలుపులు వేలాడదీయడం, చివరికి పెయింటరు వచ్చి యజమాని ఇష్టదైవాన్ని నుదుటి మీద రాయడం, అన్నీ అయ్యేసరికి నెల పట్టేది. ఒకే కంపెనీ లారీలు రెండు పక్కపక్కన నిలబడ్డా అవి ఏ షెడ్డులో తయారయ్యాయో మా నాన్నగారు దూరం నుంచే చెప్పగలిగేవారు.

రోల్స్ రాయిస్ సంగతి కూడా ఇంతే అని చెబితే పెళ్ళిలో చాలామంది నమ్మలేదు. ఇంగ్లండులో డెర్బీ పట్టణంలోని ఫ్యాక్టరీ నుంచి ఛాసిస్, ఇంజను, రేడియేటరు మాత్రమే బయటికి వచ్చేవి. వాటి మీద బాడీ ఎవరు కట్టాలి, ఎలా కట్టాలి అన్నది కొనుక్కున్నవారి ఇష్టం. లండన్‌లో బార్కర్, హూపర్, పార్క్ వార్డ్, థ్రప్ అండ్ మేబర్లీ వంటి పేరున్న కోచ్‌బిల్డర్లు ఉండేవారు. వీరిలో బార్కర్ సంస్థ 1710 నుంచీ గుర్రబ్బండ్లు కట్టినది, హూపర్ 1959 దాకా నిలిచినది. మన వైపు కలకత్తాలో స్టూవర్ట్ సంస్థ, మద్రాసులో 1840లో మొదలైన సింప్సన్ సంస్థ కూడా బండ్ల బాడీలు కట్టడంలో పేరు తెచ్చుకున్నవే. రోల్స్ రాయిస్ తన సొంత పేరుతో, ఫ్యాక్టరీలోనే బాడీతో సహా పూర్తి చేసి అమ్మిన మొదటి కారు 1949లో వచ్చిన సిల్వర్ డాన్. అంతకు ముందు కారు చూసి 'ఇది రోల్స్ రాయిస్' అంటే సగం పేరు చెప్పినట్టే. మిగతా సగం బాడీ కట్టినవాడిది. మన ఏజెంటు గాని, అతని కరపత్రం గాని ఆ రెండో సగాన్ని ఒక్క మాటతోనైనా ప్రస్తావించలేదు.

ఈ కారు మోడల్ 20/25. ఈ మోడల్‌ను 1929 నుంచి 1936 దాకా తయారు చేశారు, మొత్తం 3,827 కార్లు వచ్చాయి. ఆరు సిలిండర్ల ఇంజను, దాదాపు 3.7 లీటర్లది. అంటే 1911 అన్న మాట అక్కడికక్కడే కొట్టుకుపోతుంది. అయితే 1911 అన్న అంకె ఏజెంటు బుర్రలోకి ఎక్కడి నుంచి వచ్చిందో నేను ఊహించగలను: రేడియేటరు మీద నిలబడే రెక్కల బొమ్మను చార్లెస్ సైక్స్ అనే శిల్పి తయారు చేసినది ఆ సంవత్సరమే. బొమ్మ పుట్టిన ఏడును కారు పుట్టిన ఏడుగా చెప్పడం పెళ్ళి వ్యాపారంలో పెద్ద తప్పు కాకపోవచ్చు గాని, రూ. 35,000 పుచ్చుకునేవాడు కాస్త చదువుకుని ఉండవలసింది.

కారు వయసు ఇంకా దగ్గరగా పట్టుకోవడానికి మూడు ఆనవాళ్ళు దొరికాయి. మూడో గేరూ నాలుగో గేరూ రుద్దుకోకుండా జారినట్టు పడుతున్నాయి. ఈ మోడల్‌లో ఆ రెండు గేర్లకు సింక్రోమెష్, అంటే గేర్లు రుద్దుకోకుండా కలిపే ఏర్పాటు, వచ్చింది 1932లో. రేడియేటరు మీది రెండు 'ఆర్' అక్షరాలు నల్లగా ఉన్నాయి, ఎర్రగా లేవు. ఆ మార్పు 1933 ప్రాంతంలో జరిగింది. హెన్రీ రాయిస్ ఆ సంవత్సరం ఏప్రిల్ 22న చనిపోయారు కనుక సంతాపంగా నల్లరంగు వేశారని ఒక కథ ప్రచారంలో ఉంది. నిజానికి ఎరుపు కొందరి కార్ల రంగుతో కలవడం లేదన్న కారణంతో ఆ నిర్ణయం ముందే జరిగిపోయింది. ఇక బొమ్మ నిలబడి ఉంది. మోకరిల్లిన బొమ్మ 1934 నుంచి మొదలైంది, కానీ అది వచ్చాక కూడా నిలబడే బొమ్మను కొందరు పెట్టించుకున్నారు కనుక దీన్ని గట్టి సాక్ష్యంగా తీసుకోను. అన్నీ కలిపి చూస్తే 1933, 1934 మధ్యది అనుకోవచ్చు. ఛాసిస్ నంబరు ఉండే రేకును కారుతో వచ్చిన మెకానిక్ నాకు చూపించాడు. యజమాని వద్దన్నందువల్ల ఆ నంబరు ఇక్కడ రాయడం లేదు. ఇంగ్లండులో నార్తాంప్టన్‌షైరులోని పాలర్స్‌పరీ గ్రామంలో, రోల్స్ రాయిస్ అభిమానుల క్లబ్బుకు చెందిన హంట్ హౌస్‌లో పాత ఛాసిస్‌ల కార్డులు భద్రపరిచి ఉన్నాయి. ఏ ఛాసిస్ ఎవరికి వెళ్ళింది, దాని మీద బాడీ ఎవరు కట్టారు అన్నది వాటిలో రాసి ఉంటుంది. అక్కడికి ఉత్తరం రాయమని యజమానికి చెప్పాను. ఆయన తల ఊపారు.

ఇప్పుడు బాడీ సంగతి. ఈ సమీక్ష రాయడానికి అసలు కారణం ఇదే కనుక కొంచెం నిదానంగా చెబుతాను.

పైకి చూస్తే ఎత్తుగా, నిటారుగా, కొంచెం బిగుసుకుపోయినట్టుగా ఉండే నాలుగు తలుపుల లిమోసిన్. ముందు సీటుకూ వెనక సీటుకూ మధ్య జరుపుకునే అద్దం ఉంది. ఇంతవరకు ఆ కాలపు లిమోసిన్లన్నిటిలో ఉండేదే. తేడా వెనక తలుపుల్లో ఉంది. కుడి వైపు వెనక తలుపు తెరిచి కిటికీ కింది గాడిలో చెయ్యి పెడితే రెండు పొరలు తగిలాయి. ఒకటి అద్దం; రెండోది టేకు చెక్క రెక్కల షట్టరు. వెనకటి రైలు పెట్టెల్లో అద్దపు షట్టరు వేరుగా, చెక్క రెక్కల షట్టరు వేరుగా ఉండి ఏది కావాలంటే అది పైకి లాక్కునే ఏర్పాటు ఉండేది కదా, సరిగ్గా అదే ఏర్పాటు. షట్టరు లోపలి వైపు మధ్యలో ఒక సన్నని ఇత్తడి కడ్డీ నిలువుగా ఉంది. దాన్ని వేలితో పైకో కిందికో కదిలిస్తే పద్నాలుగు రెక్కలూ ఒక్కసారిగా వాలుతాయి లేదా లేస్తాయి. రెక్కలు ఒక్కొక్కటి అప్పడం మందాన చిత్రిక పట్టి ఉన్నాయి. వెనక అద్దానికి, చిన్న పక్క కిటికీలకు లోపలి నుంచి దించుకునే సిల్కు తెరలు ఉండేవని పైన మిగిలిన రోలర్లు చెబుతున్నాయి. ముందు సీటుకు వెనక ఉన్న అద్దానికి కూడా తెర పట్టాలు ఉన్నాయి, అవి వెనక వైపు ఉన్నాయి, అంటే ఆ తెర తీయాలా వేయాలా అన్నది డ్రైవరు చేతిలో లేదు. వెనక సీటు పక్కన మాట్లాడే గొట్టం నోరు ఒకటి ఉంది. చెవి దగ్గర పెట్టుకుంటే దుమ్ము వాసన తప్ప ఏమీ రాలేదు గాని, డ్రైవరు వెనక్కి తిరిగి చూడనక్కరలేకుండా ఆజ్ఞ చెప్పడానికే అది ఉన్నదని వేరే చెప్పక్కరలేదు. ఎదురుగా మడత సీటు ఒక్కటే ఉంది, అది దాసీకి.

మన జమీందారీ ఇళ్ళ సంగతి తెలిసినవారికి దీన్ని ఏమనాలో వెంటనే తెలుస్తుంది. ఇది ఘోషా కారు. రాజుగారు పదిమందికీ కనబడడానికి చేయించుకున్నది కాదు. రాణిగారు ఒక్కరికీ కనబడకుండా గుడికో పుట్టింటికో వెళ్ళి రావడానికి చేయించినది. ఇంగ్లండు కోచ్‌బిల్డర్లు మన దేశం నుంచి ఇలాంటి ఆర్డర్లు తీసుకున్న మాట వాస్తవమే, పొగరంగు అద్దాలతో, తెరలతో కట్టిన ఘోషా కార్లు కొన్ని సంస్థానాల్లో ఉండేవి. కానీ రైలు పెట్టె తరహా చెక్క రెక్కలు వేసినదాన్ని నేను ఇదివరలో చూడలేదు. బాడీ కట్టినవారి పేరు రేకు ఉండవలసిన చోట, అంటే వెనక తలుపు గడప మీద, రెండు మరమేకుల రంధ్రాలు మాత్రం మిగిలాయి. రేకు ఎవరు ఊడదీశారో, ఎప్పుడు ఊడదీశారో. అది ఎవరిదో తెలియకపోయినా ఇది మన దేశంలో కట్టినదే అని నేను పందెం కాస్తాను, దానికి కారణం చట్రం కలప. ఇంగ్లండులో బాడీ చట్రానికి యాష్ అనే కలప వాడేవారు; తేలికగా, సాగేదిగా ఉంటుంది గాని మన తేమకూ చెదలకూ నిలవదు. ఇక్కడ తలుపు కింద తోలు ఊడిన చోట వేలి గోటితో గీకి చూస్తే బంగారు గోధుమ రంగు టేకు. పైగా మరమేకులన్నీ ఇత్తడివి. ఇనుప మేకు తుప్పు పట్టి చుట్టూ ఉన్న చెక్కను కూడా తినేస్తుందని మా నాన్నగారు షెడ్డులో పదే పదే చెప్పే మాట. రెండు చెక్కలు కలిసే మూలలో జిగురు గాని ఇనుప రేకు గాని లేదు, ఒకదాని కొన ఇంకోదాని గాడిలో కూర్చుని, అడ్డంగా కొట్టిన చెక్క సీలతో బిగిసింది. తొంభై ఏళ్ళ తరువాత ఆ అతుకులో కాగితం కూడా దూరదు. పైన తొడిగిన అల్యూమినియం రేకును సుత్తితో తీర్చిన గుర్తులు, లైటు పక్క నుంచి పడితే, వెనక మూల వంపులో ఇప్పటికీ కనబడతాయి.

బరంపురం, పర్లాకిమిడి ప్రాంతాలు 1936 దాకా మద్రాసు ప్రెసిడెన్సీలోనివే; చుట్టూ ఉన్న జమీందారీల రాకపోకలు, కొనుగోళ్ళు మద్రాసుతోనూ కలకత్తాతోనూ రెండు వైపులా సాగేవి. ఆ సంవత్సరం ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడింది. ఆ తరువాత జమీందారీలు రద్దయ్యాయి: అటు మద్రాసు చట్టం 1948లో, ఇటు ఒరిస్సా చట్టం 1951లో. ఏనుగులు, గుర్రాలు, కార్లు ఒక్కసారిగా ఖర్చు అయి కూర్చున్నాయి. ఈ కారు ఏ కోటలోదో కాగితం లేదు కనుక ఊహించి ఏ పేరూ అంటగట్టను. ఏజెంటు అంటగట్టిన పేరును కూడా ఇక్కడ రాయను. పాత కారు కనబడిన చోటల్లా 'మహారాజుగారిది' అనడం ఈ వైపు అలవాటైపోయింది, కొన్ని తరాల క్రితం అంబులెన్సుగానో, సినిమా ప్రచార బండిగానో తిరిగినవి కూడా ఈ లెక్కన దర్బారు కార్లే అవుతాయి.

మరమ్మతు ఎలా చేయించారన్న దానికి వస్తే, ఇంజనుకు పూర్తి మార్కులు. సెల్ఫ్ కొట్టగానే రెండో తిప్పుకు అందుకుంది. ఖాళీగా తిరుగుతున్నప్పుడు బానెట్ మీద చెయ్యి వేస్తే తప్ప నడుస్తోందని తెలియలేదు. నడుస్తున్న ఇంజను మీద నాణెం పడకుండా నిలబెట్టే పరీక్ష అందరూ చేస్తారు కనుక నేను చేయలేదు. స్టీరింగ్ మధ్యలో ఉన్న చిన్న మీటలు, ఇగ్నిషన్ ముందుకు వెనక్కు జరిపేది, మిశ్రమాన్ని చిక్కగా పల్చగా చేసేది, అన్నీ తమ పని తాము చేస్తున్నాయి. గేరు రాడ్డు డ్రైవరుకు కుడి చేతి వైపు ఉంటుంది, అందువల్ల డ్రైవరు ఎడమ తలుపు నుంచి ఎక్కి జరిగి కూర్చుంటాడు. అది చూసి పిల్లలు నవ్వారు. ఇప్పుడు పంపుల్లో దొరికే ఇథనాల్ కలిసిన పెట్రోలు పాత రబ్బరు గొట్టాలను మెత్తబరుస్తుందని, అందుకే గొట్టాలన్నీ మార్పించామని, పెళ్ళి అయిన మర్నాడు ట్యాంకు ఖాళీ చేసి పెడతామని మెకానిక్ చెప్పాడు. ఇంజను పట్ల అంత శ్రద్ధ.

బాడీ పట్ల ఆ శ్రద్ధలో సగం కూడా లేదు. అసలు రంగు ముదురు నీలం అయి ఉండాలి, తలుపు లోపలి అంచులో అది దాక్కుని ఉంది. ఇప్పుడు వేసినది పెళ్ళిపందిరి లేత గోధుమరంగు, మిలమిలలాడే రకం. వెనక సీటుకు తోలు తీసేసి రెక్సిన్ వేయించారు, అందులో కూర్చున్న పెళ్ళికూతురి బరంపురం పట్టుచీర దానికి అతుక్కుపోయింది. తలుపు లోపలి పలకలకు లప్పం పెట్టి పైన ప్లాస్టిక్ అంచు అతికించారు. ఇవన్నీ క్షమించవచ్చు, ఎప్పుడైనా సరిదిద్దుకోవచ్చు. క్షమించలేనిది ఎడమ తలుపు. ఆ తలుపులో చెక్క రెక్కల షట్టరు లేదు. ఫొటోలకు అడ్డం వస్తోందని చాలా ఏళ్ళ క్రితం, ఎవరిదో పెళ్ళి కోసం తీయించేసి అటక మీద పడేశారట. ఈ కారులో ఇంకెక్కడా దొరకని వస్తువు ఏదైనా ఉంటే అది ఆ షట్టరే. రేడియేటరు బొమ్మ పోతే కొనుక్కోవచ్చు, ఆ షట్టరు పోతే ప్రపంచంలో ఏ దుకాణంలోనూ దొరకదు.

ఇక ఊరేగింపు తగాదా. పెళ్ళి రోజు సాయంత్రం ఐదు గంటలకు కారు లారీ మీద ఎక్కి వచ్చింది, తన చక్రాల మీద రాలేదు. కల్యాణ మండపం ఆవరణలో దింపి, గేటు నుంచి పందిరి దాకా రెండు వందల గజాలు నడిపి నిలబెట్టారు. అంతే, ఇక కదలదు అన్నారు. వియ్యంకులు ఇచ్ఛాపురం నుంచి వచ్చినవారు. బాజాలు, దివిటీలు, లైట్లు మోసేవాళ్ళతో సహా ఊరేగింపుకు సిద్ధమై ఉన్నారు. మా బావగారు నా వైపు చూసిన చూపు నేను ఇప్పట్లో మరిచిపోను. నేను డ్రైవరును పక్కకు పిలిచి ఇంకో ఐదు వేలు ఇస్తానని కూడా అన్నాను.

"బాబూ, డబ్బు మాట కాదండి," అన్నాడతను. "ఇది మనిషి నడకతో నడిచే బండి కాదు. నెమ్మదిగా పోతే దీని బ్రేకు పట్టదు. ముందు బాజా వాళ్ళుంటారు, పిల్లలుంటారు."

అతను చెప్పింది అక్షరాలా నిజం. ఈ మోడల్ బ్రేకుకు బలం గేరు పెట్టె పక్కన తిరిగే ఒక రాపిడి బిళ్ళ నుంచి వస్తుంది. చక్రాలు తిరిగితేనే అది తిరుగుతుంది, అది తిరిగితేనే కాలి ఒత్తిడికి తోడు వస్తుంది. బండి వేగంగా పోతుంటే వెన్నలా ఆగుతుంది, మనిషి నడక వేగంలో మాత్రం ఆ తోడు ఆలస్యంగా, పలచగా అందుతుంది. అరగంట సేపు క్లచ్చు మీద కాలు ఆనించి పాకించుకుంటూ పోతే క్లచ్చు కాలుతుంది, ఇంజను వేడెక్కుతుంది. దీనికి తోడు చట్టం ఉంది. 2021లో కేంద్ర మోటారు వాహనాల నియమాలను సవరించి, యాభై ఏళ్ళు దాటిన వాహనాలకు 'వీఏ' అక్షరాలున్న ప్రత్యేక నంబరు ఇవ్వడం మొదలుపెట్టారు. కొత్తగా రిజిస్ట్రేషనుకు రూ. 20,000 ఫీజు, పదేళ్ళ గడువు. అలాంటి బండిని ప్రదర్శనకు, ర్యాలీకి, పెట్రోలు పోయించడానికి, మరమ్మతుకు రోడ్డు మీదికి తేవచ్చు గాని రోజువారీ అవసరాలకు గాని వ్యాపారానికి గాని తిప్పకూడదు. ఈ కారుకు ఉన్నది ఆ నంబరే. మండపం ఆవరణలో నిలబెట్టి డబ్బు పుచ్చుకోవడం ప్రదర్శన కిందకు వస్తుందా, వ్యాపారం కిందకు వస్తుందా అన్న ప్రశ్నను యజమాని ముందు ఉంచాను. ఆయన నవ్వి, అందుకే రోడ్డు ఎక్కించనని బదులిచ్చారు. అది పూర్తి సమాధానం కాదని ఆయనకూ తెలుసు. ఏదేమైనా ఊరేగింపు నిరాకరించడంలో యజమానిదీ డ్రైవరుదీ తప్పు లేదు, తప్పంతా ముందే చెప్పకుండా బయానా పుచ్చుకున్న ఏజెంటుది.

ఊరేగింపు లేదని తేలాక పెళ్ళికూతురిని తీసుకువచ్చి కారులో కూర్చోబెట్టారు. ఫొటోగ్రాఫరు కుడి వైపు నుంచి వచ్చి, రెక్కల షట్టరు పైకి లేచి ఉండడం చూసి, దాన్ని కిందికి దించమన్నాడు. మెకానిక్ దించబోయాడు. నేను ఆపి, ఒక్క ఐదు నిమిషాలు ఉంచమన్నాను, నాకు అది లోపలి నుంచి ఎలా ఉంటుందో చూడాలని ఉంది. మడత సీటు మీద, అంటే దాసీ కూర్చునే చోట, నేను కూర్చున్నాను. ఎడమ కిటికీకి ఎవరిదో శాలువా అడ్డం వేలాడదీశాము. లోపల ఒక్కసారిగా చీకటి, ఆ చీకట్లో వరుసగా పద్నాలుగు వెలుగు గీతలు. బాజా చప్పుడు దూరమైనట్టు అనిపించింది. రెక్కలు బయటికి కిందికి వాలి ఉండడం వల్ల బయట నిలబడ్డవారి నడుము దాకానే కనబడుతోంది, వాళ్ళకు మాత్రం మేము బొత్తిగా కనబడము.

పిల్ల కొంగు సర్దుకుని, ముఖం రెక్కలకు ఆనించి, కాసేపు మాట్లాడకుండా చూసింది. ఆ తరువాత మెల్లగా నవ్వడం మొదలుపెట్టింది.

"మావయ్యా, అందరి కాళ్ళూ కనబడుతున్నాయి. ఆ తెల్ల చెప్పులు నాన్నవి, ఒకే చోట నిలబడలేకపోతున్నారు చూడు. ఆ వెండి పట్టీలు ఆడపడుచువి. అదుగో, ఫొటో అబ్బాయి బూట్లకు లేసు ఊడింది, ఎవరైనా చెప్పండి."

ఇత్తడి కడ్డీని వేలితో కొంచెం పైకి నొక్కింది. పద్నాలుగు రెక్కలూ ఒక్క కదలికతో సమంగా అయ్యాయి, మొహాలు కనబడ్డాయి. లోపల చీకటి, బయట లైట్ల వెలుగు కనుక అప్పటికీ వాళ్ళు మమ్మల్ని చూడలేరు. మా చెల్లెలు కిటికీకి జానెడు దూరంలో నిలబడి, పెళ్ళికూతురిని ఎక్కడికి తీసుకుపోయారని ఎవరినో అడుగుతోంది. ఐదు నిమిషాలన్నది ఇరవై నిమిషాలయింది. ఫొటోగ్రాఫరు విసిగి ఎడమ వైపుకు వెళ్ళి శాలువా లాగేశాడు, తక్కిన ఫొటోలన్నీ ఆ వైపు అద్దంలోంచి తీసినవే. అవి మామూలు ఫొటోలు. ఏ కారులోనైనా అలాగే వస్తాయి.

అద్దెకు తీసుకోదలచినవారికి నేను చెప్పగలిగినది కొంచెమే. ఏజెంటు మాట మీద ఆధారపడకుండా యజమానితో ఒకసారి మాట్లాడండి. ఊరేగింపు ఉండదని ముందే ఇంట్లో అందరికీ, ముఖ్యంగా వియ్యాలవారికి చెప్పండి. కారు నిలబెట్టే చోట కింద నేల గట్టిగా, సమంగా ఉండాలి, లారీ లోపలికి రావడానికి వెడల్పైన గేటు ఉండాలి. రెక్సిన్ సీటు మీద ఒక నూలు దుప్పటి పరవండి. మూడు గంటలకు రూ. 35,000 ఎక్కువే, కానీ లారీ ఖర్చు, డ్రైవరు, మెకానిక్ కూలి అందులోనే ఉన్నాయి. ముగ్గురూ సమయానికి వచ్చారు, మర్యాదగా ఉన్నారు, పెళ్ళి భోజనానికి పిలిస్తే కారును ఒంటరిగా వదలకుండా ఒకరి తరువాత ఒకరు వచ్చి తిని వెళ్ళారు. ఉత్త ఫొటోల కోసమైతే మాత్రం ఇంత ఖర్చు అనవసరం. కుడి వైపు షట్టరు ఎత్తించుకుని కాసేపు లోపల కూర్చునే ఓపిక పెళ్ళికూతురికి ఉంటేనే తీసుకోండి.

ఊరేగింపు లేనందుకు ఏజెంటు వెనక్కు ఇస్తానని ఒప్పుకున్న రూ. 8,000 ఇంకా రాలేదు, రెండు సార్లు ఫోను చేశాను. యజమాని మాత్రం పోయిన వారం తనంతట తానే ఫోను చేశారు. ఎడమ తలుపు షట్టరును అటక మీద నుంచి దింపించి తుడిపించారట. పద్నాలుగింటిలో రెండు రెక్కలు విరిగి ఉన్నాయి, అంత పల్చగా టేకును చిత్రిక పట్టగల వడ్రంగి ఎవరైనా మా పాత షెడ్డు వాళ్ళలో మిగిలి ఉన్నారా అని అడిగారు. ఒకాయన ఉన్నారు. ఆయన నంబరు ఇచ్చాను.